ఆకుపచ్చ ఫారం

జానీ మియా నీలం కండెను పడుగు పోగుల కిందినుంచి తోస్తూ మధ్యదాకా తెచ్చి ఆగాడు. కుడివైపు నుంచి గట్టయ్య ఎర్ర దారం ఇంకా రాలేదు. కండెను వేళ్ల మధ్య అట్లాగే పట్టుకుని ఎదురుచూశాడు. గట్టయ్య గొంతులో ఏదో గీసుకున్నట్టు చప్పుడైంది. రెండు పొడి దగ్గులు వచ్చాయి. తర్వాత ఎర్ర దారం వచ్చింది. నీలం, ఎరుపు ఒకదాన్నొకటి మెలేసుకున్నాయి. ఎవరి దారం వాళ్లు వెనక్కి తిప్పుకున్నారు. ఇద్దరూ ఇనుప పళ్ల పంజాలెత్తి పోగుల మీద కొట్టారు. జానీ మియాది ముందు పడింది, గట్టయ్యది కొంచెం వెనక పడింది.

వానాకాలం నుంచీ ఇదే వరస. జానీ మియా ఎవరికీ చెప్పలేదు. తన చేతినే కొంత నిదానం చేసుకున్నాడు.

కొత్తవాడలో జంపఖానాలు నేసే సంఘం షెడ్డు అది. రేకుల కప్పు. కిటికీ చువ్వల మీద, దూలాల మీద, దీపం బుడ్డి మీద కూడా నూలు దుమ్ము తెల్లగా పేరుకుని ఉంటుంది. గోడవారగా మూడో మగ్గం వాళ్లది. కూర్చునే పలక మీద ఎడమ పక్క జానీ మియా, కుడి పక్క గట్టయ్య. ఇరవై ఆరేళ్లుగా చోటు మారలేదు. పంజా కొట్టీ కొట్టీ జానీ మియా కుడి భుజం రెండు వేళ్లంత కిందికి దిగింది. చొక్కా ఎప్పుడూ ఆ వైపే జారుతుంది. గోళ్ల అంచుల్లో నీలం రంగు దిగబడిపోయింది. పండుగ రోజు సబ్బుతో ఎంత రుద్దినా అది పోదు.

ఏడు గంటలకు మేనేజరు పోశయ్య పుస్తకం తెరిచి హాజరు పిలిచాడు. మగ్గానికి ఒకటే పేరు.

"మూడో మగ్గం. జానీ మియా జోడి."

"ఆఁ" అన్నాడు గట్టయ్య.

ఎవరు పలికినా ఇద్దరికీ చెల్లుతుంది. గట్టయ్య బిడ్డ పెళ్లికి తొర్రూరు పోయిన మూడు రోజులూ జానీ మియా ఒక్కడే పలికాడు. నెక్కొండలో జానీ మియా తల్లి పోయినప్పుడు గట్టయ్య పలికాడు. షెడ్డులో దాన్ని ఎవరూ తప్పనుకోరు.

పోశయ్య పుస్తకం మూసి దగ్గరికొచ్చాడు.

"ఇయ్యాల హన్మకొండ పోవాలె ఇద్దరు. ఇన్సూరెన్సు ఆఫీసుల సారంగపాణి సారున్నడు. రెండు తీర్ల పాలసీలున్నయట. మీకేది కావాల్నో మీరే చెప్పుండ్రి. ఏదైనా సంఘమే కడ్తది. రేపటికల్ల కాయితం ఢిల్లీకి పోవాలె."

మూడు వారాల్లో వాళ్లు జర్మనీ పోవాలి. అక్కడొక పట్నంలో చేతిపనుల మేళా. ఒక మగ్గం దించి, దాని మీద ఇద్దరు కూర్చుని నేస్తుంటే జనం చుట్టూ నిలబడి చూస్తారట. మూడు నెలలు. ఢిల్లీ నుంచి వచ్చిన మనుషులు షెడ్డంతా తిరిగి మూడో మగ్గం దగ్గర ఆగారు. నీలం, ఎరుపు కలిసేచోట జంపఖానాను వెనక్కి ముందుకి తిప్పి చూసి, ముడి ఎక్కడుందో దొరకక నవ్వుకున్నారు. ఆ నవ్వుతోనే జోడి ఖాయమైంది. పాస్‌పోర్టులు వచ్చాయి. ఇది ఒక్కటే మిగిలింది.

జానీ మియా ఇంటికి పోయి చొక్కా మార్చుకున్నాడు. భార్య తాహెరా బేగం ప్రయాణం కోసం అతని పైజామా నడుము రెండోసారి బిగించి కుడుతోంది.

"పోయిన నెలనే కుట్టిన. మళ్ల వదులైంది. విమానంల జారితే మన ఊరి ఇజ్జత్ పోతది" అంది దారం పంటితో తెంపుతూ. తర్వాత నవ్వు ఆపి, "రాత్రి అన్నం మళ్ల ఇడిసిపెట్టినవ్" అంది.

"వయసైతాందే. ముసలోనికి ఎంత అన్నం పడ్తది?"

"గట్టన్న నీకంటె పెద్దోడు. మొగిలమ్మ రెండుసార్లు వండుతాంది ఆయనకు."

గట్టయ్య తింటాడు, నిజమే. కానీ గట్టయ్య దగ్గుతాడు. పగలంతా మూరెడు దూరంలో కూర్చుంటే పక్కవాడి ఊపిరి ఎక్కడ తడబడుతుందో తెలియకుండా ఉండదు. ఆ ఊపిరి వినడమే జానీ మియాకు పనైపోయింది.

బస్సులో గట్టయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. కొత్త చెప్పులు. ములుగు రోడ్డు దాటేదాకా వాటినే చూసుకున్నాడు.

"జర్మనీల చలికి చెప్పులు పనికిరావట తమ్మీ. బూట్లేసుకోవాల్నట. బూట్లతోని మగ్గం గుంతల కాలెట్ల పెడ్తం?"

"ఇడిచి పెడ్తం."

"నేతోళ్లు బూట్లిడిసిండ్రని పేపర్ల ఏస్తరు." గట్టయ్య నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. టవలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. చాలాసేపు ఇటు తిరగలేదు.

ఇన్సూరెన్సు ఆఫీసు మేడ మీద ఉంది. సారంగపాణి నలభై ఏళ్ల మనిషి, మెడలో మఫ్లరు. కుర్చీలు చూపించాడు. ఇద్దరూ కుర్చీ అంచుల మీద కూర్చున్నారు. బల్ల మీద రెండు ఫారాలు పెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి లేత ఆకుపచ్చది. రెండూ ఇంగ్లీషే.

"తెల్లది చిన్న పాలసీ. యాక్సిడెంట్ అయినా, సామాను పోయినా చూసుకుంటరు. మనిషి పోతే శవాన్ని ఇండియాకు తెస్తరు. దీనికి సంతకం చాలు. ఆకుపచ్చదాంట్ల ఇవన్నీ ఉంటయి, జబ్బు కూడా ఉంటది. అక్కడ జ్వరమొచ్చినా, దవాఖానల పడ్డా వాళ్లే చూసుకుంటరు. కాకపోతే యాభై దాటినోళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ కావాలె. ఛాతీ ఫోటో తీపియ్యాలె."

"శవాన్ని తెస్తరా?" అన్నాడు గట్టయ్య. "ఇన్నేండ్ల నుంచి బతికున్నోన్ని ఎవ్వడు ఎక్కడికి తీస్కపోలే. సచ్చినంక విమానమెక్కిస్తరన్నట్టు."

సారంగపాణి నవ్వాడు. "సామాను ఏముంటది మీకు?"

"రెండు పంజాలు సార్" అన్నాడు జానీ మియా.

"అవి పోతే ఇంకోటి కొనొచ్చు కదా."

సారంగపాణి కలం తీశాడు. "సరే. ఏదైనా జబ్బులున్నయా మీకు? షుగరు, బీపీ?"

"లేవు సార్. దగ్గుంటది" అన్నాడు జానీ మియా.

సారంగపాణి కలం ఆగింది. "దగ్గా?"

"నూలు దగ్గు సార్. మా వాడల అందరికుంటది. అది జబ్బు కాదు."

"మరి రాయొద్దా?"

"మీ ఇష్టం సార్."

సారంగపాణి రాయలేదు. "ఏది కావాల్నో ఆలోచించుకోండ్రి" అని లేచి పక్క గదిలోకి పోయాడు.

గట్టయ్య ముందుకు వంగి తెల్ల ఫారం మీద చూపుడువేలు పెట్టాడు. "ఇదే తీస్కుందాం. సంతకం చాలంటాండు."

"జబ్బు చేస్తే?"

"ఎందుకు చేస్తది?"

"అన్నా, నీ దగ్గు నాకెరుకలేదా? ఆ మంచుల ఏమన్నైతే నేనెవ్వలకు చెప్పుకోవాలె? ఆళ్ల మాట నాకు రాదు, నా మాట ఆళ్లకు రాదు. ఆకుపచ్చదైతే దవాఖానకన్న తీస్కపోతరు."

గట్టయ్య వేలు ఫారం మీదే ఉంది. గోరు కింద ఎర్ర రంగు. గొంతు తగ్గించాడు.

"మా పెద్దన్న గట్లనే ఫోటో దిగిండు. చిట్టీ రాసి ఊరవుతల దవాఖానల ఏసిండ్రు. మూడు నెలలు. ఆయన తిన్న కంచం మా వదిన ఇంటెనక పాతిపెట్టింది. నేను ఫోటో దిగను తమ్మీ. నీకు దండం పెడ్త."

జానీ మియా కిటికీలోంచి కింద రోడ్డు చూశాడు. రిక్షాలు, పత్తి బస్తాల లారీ ఒకటి. ఎంతసేపు చూసినా తెల్లదా ఆకుపచ్చదా అన్నది తేలలేదు. తెల్లదైతే ఈ మనిషిని జబ్బుతోనే తీసుకుపోవాలి. ఆకుపచ్చదైతే ఈ మనిషి ఫోటో దిగడు.

తర్వాత ఒక ఉపాయం తోచింది. అంత సులువుగా తోచినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

"నీది నేను దిగుత" అన్నాడు.

గట్టయ్య తలెత్తాడు.

"హాజరు పలుకుతలేనా? గదే తీరు. నీ పేరు పిలిస్తె నేను పోత. నాకేం లేదు గద. మంచి ఫోటోలు రెండొస్తయి. అక్కడ నీకు జబ్బు చేస్తే ఆళ్లే చూసుకుంటరు."

"తప్పు గాదా?"

"మగ్గం ఒకటే, పేరొకటే. ఛాతీ ఒక్కటైతే ఏమైతది?"

గట్టయ్య చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత వేలు తీసి ఆకుపచ్చ ఫారం మీద పెట్టాడు. సారంగపాణి వచ్చి చూపించిన చోట ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నిదానంగా, అక్షరం వెంట అక్షరం, సంతకాలు చేశారు. డాక్టరుకు చీటీ రాసిచ్చాడు సారంగపాణి.

డాక్టరు దుకాణం చౌరస్తా పక్క సందులో ఉంది. ఫోటో గది వెనకాల. బయట బల్ల మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. గదిలోంచి ఒక గొంతు మాత్రం వినిపిస్తుంది.

"జానీ మియా."

లోపల చీకటి. ఎర్రబల్బొకటి. చొక్కా విప్పమన్నారు. చల్లటి పలకకు ఛాతీ ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. "ఊపిరి బిగబట్టు. కదలొద్దు." ఏదో గుర్రుమంది. "అయిపోయింది."

బయటికొచ్చి చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే మధ్యలో ఒక ముసలమ్మను పిలిచారు. తర్వాత, "గట్టయ్య."

గట్టయ్య కదల్లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. జానీ మియా అతని భుజం మీది టవలు తీసి తన భుజాన వేసుకుని లేచాడు. లోపలి మనిషి తల ఎత్తలేదు. ఆ చీకట్లో అతనికి ముఖాలతో పని లేదు. మళ్లీ చల్లటి పలక. మళ్లీ గడ్డం పైకి. ఈసారి ఊపిరి బిగబట్టమన్నప్పుడు దగ్గు వచ్చినట్టైంది. జానీ మియా పళ్లు కరిచి ఆపుకున్నాడు. గట్టయ్య ఫోటో చెడిపోకూడదని ఆపుకున్నాడు.

రెండు గంటలకు డాక్టరు పిలిచాడు. వెడల్పు ముఖం, మెత్తటి గొంతు. ఇద్దరి వీపు మీదా గొట్టం పెట్టి విన్నాడు. జానీ మియా దగ్గర ఎక్కువసేపు విన్నాడు. తర్వాత రెండు ఫిల్ములూ తీసి కిటికీ వెలుగుకు పక్కపక్కన పట్టాడు.

జానీ మియా మొదటిసారి తన లోపలిని చూశాడు. వంపు తిరిగిన ఎముకలు, వాటి మధ్య నలుపు. కుడివైపు పైన తెల్లగా ఏదో ఉంది, దూలం మీద పేరుకున్న నూలు దుమ్ములాగ. రెండు ఫిల్ముల్లోనూ అదే చోట ఉంది.

"ఎన్నాళ్ల నుంచి కలిసి పని చేస్తున్నారు?" అన్నాడు డాక్టరు.

"ఇరవై ఆరేండ్లు సార్."

"పక్కపక్కనేనా?"

"ఒక్క పలక మీద."

డాక్టరు తలూపాడు. "అందుకే. ఒకరి నుంచి ఒకరికి వచ్చింది. ఇద్దరికీ ఒకే చోట. క్షయ. భయపడకండి, మందులున్నాయి. ఏడాదిన్నర వాడాలి. కానీ ఇప్పుడు విమానం, విదేశం కుదరదు. నేను సర్టిఫికెట్ ఇవ్వలేను." గట్టయ్య వైపు తిరిగాడు. "చిత్రం ఏమిటంటే, వింటే నీ ఛాతీ ఇంత చెడ్డగా లేదు. దుమ్ము దగ్గులాగే ఉంది. ఫోటోలో మాత్రం ఉంది."

జానీ మియాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. చొక్కా లోపల చేయి పెట్టి కుడివైపు తడుముకున్నాడు. ఎముకలు చేతికి తగిలాయి. ఎప్పటినుంచి ఇట్లా తగులుతున్నాయో తెలియదు. సాయంకాలాల జ్వరం గుర్తొచ్చింది. వాన జ్వరమనుకున్నది.

తర్వాత అర్థమైంది. గట్టయ్యది కాదు అది.

"సార్," అన్నాడు. "ఆ రెండోది..."

బల్ల కింద గట్టయ్య చేయి అతని మణికట్టును పట్టుకుంది. పంజా పట్టే చేయి. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా పట్టింది.

"రెండోది ఏమిటి?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు సార్" అన్నాడు గట్టయ్య.

డాక్టరు మందులు రాశాడు. ఎవరి ఫిల్ము వాళ్లకు గోధుమరంగు కవర్లలో పెట్టిచ్చాడు. ఒకదాని మీద జానీ మియా అని, ఒకదాని మీద గట్టయ్య అని రాసి ఉంది.

సందు మలుపులో జానీ మియా నిలబడిపోయాడు.

"అన్నా, మళ్ల పోదాం పా. నిజం చెప్పుదాం. నీది నీకే దింపిస్త. నీకేం లేదంటాండు, ఇన్నవా? నువ్వన్న పోతవు."

"పోయి?"

"పోయి నేస్తవు."

"ఎవ్వనితోని? నా పక్కపొంటి ఎవ్వన్నో కూసోబెడ్తరు. నడిమిట్ల ముడి ఎవడేస్తడు?" గట్టయ్య గొంతులో కోపం లేదు. "ఆ ముచ్చట గూడ కాదు తమ్మీ. నాది దింపితే ఏమొస్తదో ఎవ్వలకెరుక? ఉన్నదని రావచ్చు. ఇప్పుడైతే ఉన్నదో లేదో నాకు తెల్వదు. గట్లనే ఉండనీ."

"నేను జెయ్యబట్టి నీ ప్రయాణం పోయింది."

"నా భయం జెయ్యబట్టి పోయింది. నీ ఊపిరి దాచిపెట్టుకోని నడువు, జర మెల్లగ."

సారంగపాణి ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. డాక్టరు చీటీ చదివి మఫ్లరు తీసి బల్ల మీద పెట్టాడు.

"సార్, తెల్లది తీస్కుంటం" అన్నాడు జానీ మియా. "సంతకం చాలన్నరు గద."

"ఇప్పుడు కుదరదు మియా. ఇది రికార్డుల కొచ్చింది. చూసినంక నేను చూడనట్టు ఎట్ల రాస్త? పొద్దున తెల్లదే తీసుకుంటే..." అని ఆగిపోయాడు. ఆకుపచ్చ ఫారాన్ని రెండుగా మడిచాడు. ఏం చేయాలో తెలియక మళ్లీ విప్పి బల్ల మీద చదును చేశాడు. "చాయ్ తాగుతరా?"

ఇద్దరూ తాగారు. చాయ్ మంచిగుందని గట్టయ్య చెప్పాడు.

నాలుగున్నరకు షెడ్డుకు వచ్చారు. పోశయ్య ఏమీ అడగలేదు. చీటీ చూసి లోపలికి తీసుకుపోయాడు. రేపటికల్లా ఐదో మగ్గం జోడి పేర్లు ఢిల్లీకి పోతాయని ఇద్దరికీ తెలుసు. వెలుగు ఇంకా గంటసేపు ఉంటుంది. పలక మీద ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. జానీ మియా నీలం కండె అందుకుని మధ్యదాకా తోశాడు. ఆ గంటలో తన దగ్గు తనకు మొదటిసారి వినిపించింది. నాలుగు వరసలకు ఒకసారి వచ్చింది. ఇన్నాళ్లూ అది పక్కనుంచి వస్తోందనే అనుకున్నాడు.

"నీ కంచం ఏరువెట్టమని తాహెరాకు చెప్పకు" అన్నాడు గట్టయ్య నేత మీంచి చూపు ఎత్తకుండా. "నేనే చెప్త. మెల్లగ చెప్త."

"గిప్పటి నుంచి నా పక్కన కూసుంటవా?"

"మరి యాడ కూసోవాలె?"

వెలుగు తగ్గేదాకా నేశారు.

ఐదో మగ్గం జోడి జర్మనీ పోయి, నీలం బూట్లు తొడుక్కుని తిరిగొచ్చింది. జానీ మియా నెల రోజులు మందులు మింగాడు. సూదులు వేయించుకున్నాడు. కొంత తేరుకున్నట్టే కనిపించాడు. సంక్రాంతి దాటాక పలక మీద కూర్చోలేకపోయాడు. షెడ్డు గుమ్మంలో మంచం వేయించుకుని నేత చూస్తుండేవాడు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, తాహెరా బేగం బోరింగు నుంచి నీళ్లు తెచ్చేలోపల, అదే మంచం మీద పోయాడు. మర్నాడు హాజరులో పోశయ్య "జానీ మియా జోడి" అని పిలిచాడు. గట్టయ్య "ఆఁ" అన్నాడు. పోశయ్య కాసేపు ఆగి, కింది పేరు చదివాడు.

రోగి వాడినవి ఇంట్లో ఉంచొద్దని ఎవరో చెబితే పరుపుతో పాటు జానీ మియా పేరున్న ఫిల్మును కూడా కాల్చేశారు. రెండోదాని మాట ఎవరికీ గుర్తు లేదు. అది గట్టయ్యది కదా అనుకున్నారు. గట్టయ్య దాన్ని కవర్లోంచి తీసి, మూడో మగ్గం ఎడమ పక్క కిటికీ చువ్వకు దారంతో కట్టాడు. పొద్దున ఎండ అందులోంచే పలక మీద పడుతుంది. కింది అంచున తెల్ల ఇంకుతో గట్టయ్య అని రాసి ఉంది. పైన, గడ్డమెత్తి ఊపిరి బిగబట్టిన జానీ మియా ఛాతీ.